వంటగదిలో కెమెరా

ఫోను కదలకూడదు. ఈ రాయి దగ్గర నియమం అదొక్కటే. ఊళ్లో ఏ మూలా అందని టవరు, ఊరి వెనక మెట్ట మీద, బోర్లించిన డేగిసాలా ఉన్న ఈ నల్లరాయి పగుల్లో మాత్రం రెండు గీతలు చూపిస్తుంది. పగుల్లో ఫోను నిలబెట్టాలి, మళ్లీ జరపకూడదు, స్పీకరు పెట్టి రాయి మీదికి వంగి మాట్లాడాలి. అందుకే ఈ ఊళ్లో ఎవరి సంగతీ ఎవరికీ దాగదు. ఎవరి కోడలు అలిగిందీ, ఎవరి పింఛను ఆగిందీ, అన్నీ ఈ రాయి మీద అరిచి చెప్పుకున్నవే. చిట్టెమ్మ పాలిథిన్ కవరు చుట్టిన ఫోనుని పగుల్లో పెట్టి, దాని మీద గొడుగు పట్టి, తను తడుస్తూ కూర్చుంది. మూడున్నరయింది. ఐదు గంటలకి కంప్యూటరు మూసేస్తారట. కంప్యూటరుకి కూడా తలుపుంటుందా, మూసేశాక వెళ్లి తడితే ఎవరైనా తీస్తారా అని పొద్దున్న అడగబోయి ఊరుకుంది. పొద్దున్న తనకి ఏదీ అడిగే మొహం లేదు.

ఐదులోగా మార్చాలి. మార్చాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఈ ఫోనుకే వస్తుంది, ఎందుకంటే పేరు ఎక్కించిన రోజున సౌందర్య అమ్మ నంబరే ఇచ్చింది. నా నంబరైతే మారిపోతాది గానీ అమ్మది మారదు అంది, నవ్వుతూ. ఆ నవ్వు గుర్తొస్తే చిట్టెమ్మకి మెడ వెనక ఎవరో చల్లటి నీళ్లు పోసినట్టయింది. ఇంటరైన పిల్లలు ఏ యూనివర్సిటీ కావాలో ముందూ వెనకా వరసగా రాసుకోవాలట. ముందు రాసింది దొరికితే ఇక వెనకది చూడరట. సౌందర్య ముందు రాసుకున్నది సర్కారు యూనివర్సిటీ, అందులో జియాలజీ, అంటే రాళ్ల చదువు. ఆ చదువు అక్కడే ఉంది, ఇంకెక్కడా లేదు. ఇప్పుడు కంప్యూటర్లో ముందున్నది ప్రైవేటు యూనివర్సిటీ, అందులో కంప్యూటరు చదువు. మధ్యలో జరిగింది చిట్టెమ్మ.

అమ్మ ఫోన్లో పాత మెసేజీ చూసిన కూతురు పొద్దున్న అరవలేదు, చిట్టెమ్మ అదే తట్టుకోలేకపోయింది. అరిస్తే తనూ అరిచేది, ఏడిస్తే తనూ ఏడ్చేది, ఆ గొడవలో ఏది ముందో ఏది వెనకో కలిసిపోయేది. సౌందర్య పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని నిప్పులోకి చూస్తూ, 'నువ్వే సెప్పావా అమ్మా ఆయనకి నంబరు?' అంది. 'నీ మంచికే కదే' అంది తను. 'నన్నడగాలి గదా.' 'అడిగితే ఒప్పుకుంటావేటి?' అనేసింది, ఆ మాట నోరు దాటాక గానీ అది ఎలాంటి మాటో తెలియలేదు. ఒప్పుకోదని తెలిసే చేశాను అని తన నోటితో తనే చెప్పింది కదా. గుమ్మంలో కూర్చుని గొడ్డలి పిడి చెక్కుకుంటున్న ఫల్గుణ చెక్కడం ఆపాడు. భార్య ఏడో తరగతి చదివింది, చదువు సంగతి ఆమెకే తెలుసు అని ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పే మనిషి, ఆమెని చూడకుండా గొడ్డలి తీసుకుని కాఫీ తోటకి వెళ్లిపోయాడు. సౌందర్య లేచింది, వాకిట్లో అప్పటికే స్నేహితురాలు బేబి గొడుగుతో నిలబడి ఉంది. 'మూడింటికల్లా రాయి కాడుండు. నేను పాడేరు నుంచి ఫోన్ సేత్తాను. ఓటీపీ నాకే సెప్పు.' నాకే అన్న చోట ఒక్క క్షణం ఆగింది. పెట్టిన చోడి అంబలి పెట్టినట్టే ఉంది. మొదటి జీపుకి వెళ్లిపోయారు ఇద్దరూ, ఏమీ తినకుండా.

తినకుండా వెళ్లిందన్నదే రోజంతా వెంటాడింది. అందుకే మధ్యాహ్నం. ఇప్పుడు ఆ సంగతి వద్దు. చిట్టెమ్మ చేత్తో నడుం దగ్గర కొంగు ముడి తడిమి, చెయ్యి తీసేసి, గొడుగు సరిచేసింది. మంచు కింద లోయలోంచి ఎక్కి వస్తోంది. సిల్వర్ ఓకు చెట్లు మొదట కాళ్లు పోగొట్టుకున్నాయి, తరవాత నడుములు, ఇప్పుడు తలలొక్కటే మిగిలాయి. జీపు ఘాట్‌లో ఈ మంచులో ఎలా వెళ్లి ఉంటుంది, ఆ మలుపులో కొండచరియ జారి ఉంటే, డ్రైవరు నిద్రమత్తులో ఉంటే, చేరే ఉంటారు, చేరకపోతే ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు, కానీ ఎలా చెప్తారు, ఫోనుకే కదా, ఫోను ఇప్పుడే కదా పెట్టింది ఇక్కడ. చేరారు, ఇంటర్నెట్టు సెంటరు దగ్గర వరసలో ఉన్నారు, కరెంటు పోయింది. కరెంటు పోతుంది, వానాకాలం కదా. పోతే బాగుణ్ణు. ఆ ఆలోచన వచ్చిందని తెలిసి చిట్టెమ్మ చుట్టూ చూసింది, పైకి అన్నానేమో అని. కరెంటు పోతే ఎవరి తప్పూ కాదు. ముందున్నదే ముందుంటుంది, పిల్ల అద్దాల మేడలో చదువుకుంటుంది, తల్లి చేసింది తప్పో ఒప్పో ఇక ఎవరూ తేల్చనక్కర్లేదు.

అద్దాల మేడ కాదు గానీ. అద్దాలు చూసి మోసపోయిందనుకుంటున్నారు ఇంట్లో, అనుకోనీ. ఇటుకల పండగ రోజుల్లో, మొగాళ్లు అడివికి వేటకి పోతే, ఆడాళ్లంతా రోడ్డుకి అడ్డంగా వాసం పెట్టి బళ్లు ఆపి పండగ మామూలు అడుగుతుంటే, అలా ఆగిన ఒక కార్లోంచి దిగాడు ఫణీంద్ర. మిగతా కార్లవాళ్లు అద్దం కొంచెం దించి నోటు బయటికి తోసి పోయేవాళ్లు. ఈయన దిగి, చెప్పులు విడిచి, వాళ్లు పాడుతుంటే చప్పట్లు కొట్టి, 'మీ ఊళ్లో ఈ ఏడు ఇంటరు పాసైన ఆడపిల్లలున్నారా అమ్మా?' అని అడిగాడు. కింద మైదానంలో కొత్తగా కట్టిన ప్రైవేటు యూనివర్సిటీకి పిల్లల్ని చేర్పించే మనిషి. మరో వారానికి ఇంటికే వచ్చాడు. సెల్లులో బొమ్మలు చూపించాడు, అద్దాలూ, బస్సులూ, పచ్చిక మీద నవ్వుతున్న పిల్లలూ. చిట్టెమ్మ వాటిని చూస్తూ చూడనట్టే ఉంది. ఉద్యోగాల సంగతి చెప్తుంటే తలూపింది. చివరికి, ఎవరూ అడగని మాట అడిగింది. 'వంటెవలు సేత్తారు సార్?' ఆయన ఒక క్షణం తెల్లబోయి, వెతికి వెతికి, వంటగది బొమ్మ తీశాడు. తళతళలాడే ఉక్కు బల్లలు. తలకి గుడ్డ టోపీలు, చేతులకి తొడుగులు పెట్టుకున్న వంటవాళ్లు. 'మూల పైన ఆ నల్ల గుండు చూశారా అమ్మా, కెమెరా. వంటగదిలో కూడా కెమెరా ఉంటుంది మా దగ్గర. వండేదీ వడ్డించేదీ అంతా రికార్డే.'

ఆ మాటతో అయిపోయింది. అప్పుడే, అక్కడే, చాప మీద కూర్చుని ఉండగానే మనసులో వరస మార్చేసింది చిట్టెమ్మ. పది రోజుల కిందట ఇదే రాయి దగ్గర, ఇదే పగుల్లోకి వంగి, కూతురు స్నేహితురాళ్లతో సంతకి వెళ్లిన పూట చూసుకుని, ఫోనులో వచ్చిన ఆరు అంకెలూ ఆయనకి చదివి చెప్పింది. 'మీరు మంచి పని చేశారమ్మా' అన్నాడు ఆయన. మంచి పని చేసిన మనిషి సంత నుంచి వచ్చిన కూతురు తెచ్చిన రబ్బరు గాజులు తొడుక్కోలేక, చేతులు తడిగా ఉన్నాయని చెప్పి గూట్లో పెట్టింది. ఇప్పటికీ గూట్లోనే ఉన్నాయి.

కింది దారిలో గంటలు వినిపించాయి. మంచులోంచి ముందు మేకలు వచ్చాయి, తరవాత వాటిని తిడుతూ సోములమ్మ వచ్చింది. గోనెసంచి తలమీద కప్పుకుని, నోట్లో నిప్పు లోపలికి పెట్టిన అడ్డపొగ చుట్ట. 'ఏటే చిట్టెమ్మా, ఫోనుకి గొడుగట్టి నువ్వు తడుత్తన్నావు. దానికి జలుబు సేత్తాదనా?' అంది. చిట్టెమ్మ నవ్వబోయింది. 'పిల్ల ఫోను సేత్తానంది పెద్దమ్మా.' 'ఆ రాళ్ల సదువు పిల్లేనా? రాళ్లకేటి సదువే. ఇక్కడున్నియ్యన్నీ సదివేసి అప్పుడు పట్నం పొమ్మను.' మేక ఒకటి రాయి ఎక్కబోతే కర్రతో దాని పక్కని తట్టి, పోబోయి ఆగింది. 'మా గాయత్రి మీ బళ్లోనే గదే. ఈసారి సెలవులకొచ్చినాది, సిక్కిపోనాది గుంట. కాస్త సూడు. నువ్వున్నావు గదాని నిబ్బరం నాకు.' అలాగే పెద్దమ్మా అంది చిట్టెమ్మ. మేకలు మంచులోకి దిగిపోయాయి, గంటలు మాత్రం చాలాసేపు వినిపించాయి. గాయత్రి మూడో తరగతి. వరసలో అందరికన్నా పొట్టి, అందుకే ఎప్పుడూ చివర. ఈ మధ్యాహ్నం గాయత్రికి అరగుడ్డే వచ్చింది.

వద్దనుకున్న సంగతి వచ్చేసింది ఇక. రానీ. ఇక్కడ ఎవరున్నారు, రాయి తప్ప. ఊరికి పైనున్న ఆశ్రమ పాఠశాలలో పద్నాలుగేళ్లుగా వంటమనిషి చిట్టెమ్మ. సర్కారు హాస్టలంటే ఏమిటో గోడ బయట నిలబడ్డ తల్లులకి తెలియదు, తనకి తెలుసు. ఏ గది గడియ పడదో, ఏ నెల పప్పు పలచన అవుతుందో, ఏ సాంబారులో ఎన్ని బకెట్ల నీళ్లో, నీళ్లు పోసే చెయ్యి ఎవరిదో తెలుసు. సర్కారు యూనివర్సిటీ హాస్టలు అనగానే అందరికీ గేటూ మేడా కనిపిస్తాయేమో గానీ తనకి కనిపించేది పొగచూరిన వంటగది, అందులో డేగిసా ముందు వంగిన ఒక ఆడమనిషి, ఆమె కొంగు. ఆమె మొహం చిట్టెమ్మ మొహమే. అక్కడ తన కూతురు పళ్లెం పట్టుకుని వరసలో నిలబడుతుంది, ఆమె అయిపోయాయి అంటుంది. ఈ భయం ఎవరికి చెప్పాలి? మొగుడికి చెప్పాలంటే నీకెలా తెలుసు అంటాడు. కూతురికి చెప్పాలంటే.

మొదలెట్టినప్పుడు సౌందర్యకి మూడేళ్లు. కళ్ల కింద తెలుపు, కాళ్లు చిక్కుడు తీగల్లా. రక్తం లేదు, గుడ్డు పెట్టు అని నర్సమ్మ చెప్పింది. ఇంట్లో ఒక నల్లకోడి, అది పొదుగుతోంది. బళ్లో ఆ రోజు ఇద్దరు పిల్లలు జ్వరాలొచ్చి ఇంటికెళ్లారు. రాని పిల్లల గుడ్లే కదా, ఎవరి నోటి దగ్గరవీ కావు కదా. కొంగులో కట్టుకుని కొండ దిగుతుంటే వెచ్చగా నడుముకి తగిలేది, పాపాయి నిద్రలో తగిలినట్టు. ఇంట్లో పిల్ల సొన ముందు తిని తెలుపు తరవాత తినేది. మన కోడిదే తిను అనేది తను. రెండేళ్లు తిరిగాక ఒక పూట ఎవరూ ఇంటికెళ్లలేదు, అయినా చెయ్యి వెళ్లింది. చేతికి అలవాటైపోయింది. ఆ పూట వరస చివర బేబి. తల్లి లేని పిల్ల, ఒకటో తరగతి, పళ్లెం రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అయిపోయాయే గుంటా, రేపు రెండు పెడతాను అంది చిట్టెమ్మ. మర్నాడు గుడ్డు పెట్టే రోజు కాదు. ఆ సంగతి తనకీ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. బేబి పళ్లెంలోకి చూసింది, తన మొహంలోకి చూసింది, తరవాత చూపు నడుం దాకా దిగిందో లేదో. 'సర్లే ఆయమ్మా' అంది. ఆరేళ్ల పిల్ల, ముసలమ్మ అన్నట్టు. దిగిందా లేదా అన్నదే ఇన్నేళ్లుగా తేలలేదు.

ఆ ఏడే సౌందర్యనీ అదే బళ్లో వేశారు, బేబి పక్కనే కూర్చుంది. వరసలో కూతురు వస్తే అందరికన్నా కటువుగా వడ్డించేది చిట్టెమ్మ, పళ్లెం సరిగ్గా పట్టు అని కసిరేది, ఎవరూ ఏమీ అనుకోకూడదని. ఆదివారం ఇంటికొస్తే మాత్రం అడ్డాకులో చుట్టిన గుడ్డు ఉండేది. దొంగతనాలు ఆపాలని సర్కారు వాళ్లు గుడ్ల మీద రంగు ముద్ర వెయ్యడం మొదలెట్టాక, వంటగదిలోనే పెంకు ఒలిచి, పెంకులు పొయ్యిలో వేసి తెచ్చేది. పిల్ల ఒకసారి అడిగింది, 'మన కోడి గుడ్డు ఒలిచెందుకు తెత్తావమ్మా?' అని. నీ చేతులు కాలతాయని అంది తను. పిల్ల ఇక అడగలేదు. పాడేరులో ఇంటరు చదవడానికి వెళ్లాక కూడా, సెలవులకి వచ్చిన ప్రతిసారీ. ఇప్పుడా పిల్లకి రక్తం లేక కాదు, తిండి లేక కాదు. ఇంకెలా ప్రేమ చూపించాలో తనకి తెలియదు. ఈ మధ్యాహ్నం ఉడికేటప్పుడు రెండు పగిలిపోయాయి అని మేట్రన్ మేడంతో చెప్పి, గోనెసంచి కుట్టుదారం లాగి, ఇంకో రెండు గుడ్లని దారంతో కోసి నాలుగు సగాలు చేసి చివరి నలుగురు పిల్లలకి వేసింది. దారంతో కోస్తే సొన చెదరదు, కత్తి గీసినట్టు సమంగా వస్తుంది. అందులో తను చెయ్యి తిరిగిన మనిషి. ఆ నలుగురిలో చివరిది గాయత్రి. పగిలాయని చెప్పిన ఆ రెండూ ఒలిచి అడ్డాకులో చుట్టి కొంగులో ఉన్నాయి ఇప్పుడు, చల్లబడి, కూతురు ఆకలితో వస్తుందని.

కెమెరా ఉన్న చోట తనలాంటిది ఉండదు. అంతే. పిల్ల భవిష్యత్తు అని ఫణీంద్ర ఏవేవో చెప్పాడు గానీ చిట్టెమ్మ ఎంచుకున్నది కెమెరాని. తన నుంచి తన కూతుర్ని కాపాడే వస్తువు అదొక్కటే అనిపించింది.

ఫోను కుయ్యిమంది. కవరు మీంచే చూసింది, అంకెలు మంచు పట్టి మసగ్గా ఉన్నాయి, ఎనిమిది, రెండు, రెండు, సున్నా, ఐదు, మూడు. నిమిషం తిరక్కుండా మోగింది. 'అమ్మా, వచ్చిందా?' సౌందర్య గొంతు, వెనక ఎవరెవరివో మాటలు. వచ్చింది అనాలి. నోరు తెరిచింది. ఆ పొగచూరిన వంటగది, ఆ వంగిన ఆడమనిషి, పళ్లెం. 'రాలేదే' అంది. 'సూడమ్మా సరిగ్గా.' 'సూత్తన్నాను. రాలేదు. మంచు ఎక్కువుంది, టవరు లేదు.' నమ్మిందా? పిల్ల ఊపిరి వినిపించింది. 'మల్లీ పంపిత్తాను. కదపకు ఫోను' అంది. కట్టయింది. చిట్టెమ్మ ఆ అంకెల్ని చూస్తూ కూర్చుంది. పది నిమిషాల్లో అవి చచ్చిపోతాయట, సౌందర్యే చెప్పింది ఒకప్పుడు. నాలుగు ఇరవై. అంకెలు చూడ్డానికి అలాగే ఉన్నాయి, ఎప్పుడు చచ్చాయో తెలియలేదు. మొదటిసారి ఈ రాయి దగ్గర అంకెలు చెప్పి తప్పు చేసింది, ఇప్పుడు చెప్పకుండా చేసింది. ఇన్నేళ్లలో కూతురికి ఎన్ని అబద్ధాలు చెప్పింది, అన్నీ గుడ్డంత తెల్లగా, ఒలిచి, ఆకులో చుట్టి. మన కోడిదే. చేతులు కాలతాయని. మంచి కోసమే. రాలేదే. వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. ఇంక రెండో సారి పంపరేమో, కంప్యూటరు ఒప్పుకోదేమో, మూసేశారేమో, పిల్ల అక్కడ కుర్చీలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటోందేమో. అయిపోతే బాగుణ్ణు అనుకున్న మనిషికి అయిపోతుందేమో అనగానే ఊపిరాడలేదు. రావాలి, ఇంకోసారి రావాలి అని రాయికి నుదురు ఆనించింది. సోములమ్మ చూస్తే ఫోనుకి మొక్కుతున్నావా అనేది.

నాలుగూ నలభైకి మళ్లీ కుయ్యిమంది. వెంటనే మోగింది కూడా. ఈసారి సౌందర్య కాదు. 'అత్తా, నేను, బేబిని. సౌందర్య కుర్సీలోంచి లెగిత్తే ఇంకోడు కూసుంటాడని లెగట్లేదు. ఒచ్చిందా?' ఆ గొంతు. పెద్దదైంది, ఆయమ్మా పోయి అత్తా వచ్చింది, అయినా అదే గొంతు. ఒచ్చింది అనడానికి బదులు చిట్టెమ్మ నోట్లోంచి వేరే మాట వచ్చింది, తనే ఆపుకోలేకపోయింది. 'అక్కడ తిండెలాగుంటాదో బేబీ. సర్కారు హాస్టలు గదే. ఎవలు సూత్తారు మిమ్మల్ని?' అటువైపు బేబి నవ్వింది. 'ఎలాగుంటాది అత్తా, మన హాస్టల్లాగే ఉంటాది. నీళ్ల సాంబారు, లెక్కకి తక్కువ గుడ్లు. మాకు కొత్తేటి. గుడ్డొకటే దొరికితే సెరి సగం తింటాం, సిన్నప్పట్లాగే.' 'సిన్నప్పుడేటి?' 'ఆదోరం నువ్వెట్టిన గుడ్డు సౌందర్య జేబులో ఏసుకొచ్చీది కాదా, సగం నాకెట్టీది. ప్రెతి ఆదోరమూ. నీది నీకిచ్చేత్తన్నాను తినే అనీది. ఒలిసిన గుడ్డు జేబులో ఏసుకుంటే గౌనంతా సొన కంపు. మేడం దీన్నే కొట్టీది.' మళ్లీ నవ్వింది. అందులో పొడుపు లేదు, వెతికినా లేదు. దూరం నుంచి సౌందర్య గొంతు వినిపించింది, 'కబుర్లాపి నంబరడగవే' అని. 'అడుగుతన్నాను. సెప్పత్తా, బేగి. పదిహేను నిమిషాలే ఉంది.'

నీది నీకిచ్చేస్తున్నాను. ఏడేళ్ల పిల్ల, ఎనిమిదేళ్ల పిల్ల, జేబులో చెయ్యి పెట్టి గుడ్డు చితక్కుండా పట్టుకుని కొండెక్కుతున్న పిల్ల. తెలుసు. ఇద్దరికీ తెలుసు. తన ఎదుట తింటున్నట్టు కొంచెం కొరికి, పెరట్లో తింటానమ్మా అని పరిగెత్తేది, పెరట్లోకి ఎందుకు అని తనెప్పుడూ అనుకోలేదు. ఒక్క పూట కూడా మాట అనలేదు. తల్లి దాచింది, కూతురు దాన్ని దాచింది. రాళ్ల మీద వాన నీరు దారి చేసుకుని పగులు అంచు దాకా వచ్చి ఆగింది. చిట్టెమ్మ పమిట చివర దానికి అడ్డం పెట్టి, వంగి, చదివింది. 'ఐదు' అంది. 'ఐదు' అంది బేబి, అవతల ఇంకెవరికో చెప్తూ. 'తొమ్మిది.' 'తొమ్మిది.' 'ఒకటి. ఒకటి. ఆరు.' గొడుగు ఫోను మీదికి ఇంకాస్త వంచింది. 'ఏడు.' బేబి ఏడు అంది. అటు కీబోర్డు చప్పుడు వినిపించింది, లేక వాన చప్పుడేనేమో. తరవాత సౌందర్యే వచ్చింది. 'అయింది అమ్మా. మారింది.' అంతే అని పెట్టేస్తుందనుకుంది. పెట్టలేదు. 'ఇందాక కూడా వచ్చిందే' అంది చిట్టెమ్మ. 'తెలుసు' అంది సౌందర్య. 'మొదటిది వెళ్లిందని ఇక్కడ సూపించింది.' మెల్లగా అంది, కోపం లేదు, లేకపోవడమే అసలు దెబ్బ. 'ఏవైనా తిన్నావేటి?' అంది తల్లి. 'బేబీ నేనూ ఒక పూరీ సెరి సగం తిన్నాం. ఆరింటి జీపుకొత్తాం. ఇంటికాడ ఏటీ పెట్టకు, నువ్వు.' మాట మధ్యలో ఆగింది. 'అన్నం పెట్టు సాలు' అంది.

చిట్టెమ్మ ఇంటి దారి పట్టలేదు. పై దారి పట్టింది. అడుగు అడుక్కీ కొంగు ముడి నడుముకి తగులుతోంది, చల్లగా, రాళ్లలా. ఏం చెప్పాలి. మిగిలాయి అనొచ్చు, ఎవరూ అడగరు. దొరికాయి అనొచ్చు. మేడంకి చెప్పాలి, చెప్తే ఉద్యోగం పోతుంది, పోతే ఎలా, పోతుందా, సర్కారు వాళ్లు రెండు గుడ్లకి తీసేస్తారా, రెండు కాదు కదా. ముందు ఈ రెండూ. బడి దగ్గరయ్యేసరికి సాయంకాలపు రాగిజావకి గంట కొట్టారు, పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వంటగదిలోకి వెళ్లి అడ్డాకు విప్పింది. గోనెసంచి కుట్టులోంచి దారం లాగింది. దారం బిగించి లాగింది, నాలుగు సగాలూ సమంగా వచ్చాయి. మధ్యాహ్నం సగాలు తిన్న నలుగురూ వరస చివరే ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సగం పెట్టింది. గాయత్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. 'మద్దేన్నం ఎట్టేసినారు గదా ఆయమ్మా. మల్లీ ఏటి?'

మిగిలాయి అన్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది, పద్నాలుగేళ్లుగా అక్కడే ఉంది. 'మీయేనే' అంది చిట్టెమ్మ. 'నా కాడుండిపోనాయి.'

గాయత్రి గుడ్డు వైపు చూసింది. ఆమె మొహం వైపు చూసింది. తరవాత చూపు దిగింది, ఈసారి సందేహం లేదు, నడుం దగ్గర ముడి విప్పిన కొంగు దాకా దిగింది. అక్కడ కాసేపు ఆగింది.

'సర్లే ఆయమ్మా' అంది, సొన ముందు తిని.